ముగ్గు లేని వాకిలి: కథల్లో ప్రతీకలు చదవడం, చదివించడం

(పెదపారుపూడిలో మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట అంశానికి "కథానికల ద్వారా ప్రతీకలనూ, కథావస్తువునూ బోధించడం" అని పేరు పెట్టారు. పేరు చూడగానే మీలో కొందరి మొహాలు వాడిపోవడం గమనించాను. ఇదంతా కాలేజీ మేష్టర్ల వ్యవహారం, పొదుపు సంఘాలతోనూ, కూలి పోరాటాలతోనూ, కోర్టు వాయిదాలతోనూ తిరిగే మనకెందుకని అనుకుంటున్నారు. ప్రతీక అనే మాట పుస్తకాలదే కావచ్చు. ఆ విద్య మాత్రం మనది. తెల్లారి తొమ్మిదయినా ఒక ఇంటి ముందు కళ్ళాపి లేదు, ముగ్గు లేదు. ఆ వీధిన పోయే ఏ ఆడమనిషైనా ఆ వాకిలి చూసి ఆగుతుంది. ఇంట్లో ఎవరైనా పోయారా, ఇల్లాలికి ఒంట్లో బాగాలేదా, రాత్రి గొడవ జరిగిందా? ముగ్గు లేకపోవడాన్ని ఆమె చదివింది. ప్రతీకను చదవడమంటే ఇంతకంటే మరేం లేదు.

మన మాటలు చూడండి. డబ్బాలో బియ్యం అయిపోతే "నిండుకున్నాయి" అంటాం. పుస్తెలతాడు తెగితే "పెరిగింది" అంటాం. దీపం ఆరిపోతే "కొండెక్కింది" అంటాం. లేమిని లేమి అని చెప్పకూడదు, తెగినదాన్ని తెగిందనకూడదు అని మనకెవరో నేర్పారు. మొగవాళ్ళ నోట ఈ మాటలు తక్కువగా వస్తాయి. ఎందుకంటే డబ్బాలోకి చెయ్యి పెట్టేది మనం. మెళ్ళో తాడున్నది మనకి. పైకి ఒకటి చెప్పి లోపల ఇంకొకటి తెలియజేసే భాషలోనే పుట్టి పెరిగాం కనక, కథలో ఒక తలుపో, ఒక బావో, ఒక గాజో కనిపించినప్పుడు దాని వెనకాలేముందో పసిగట్టడం మనకి కొత్త కాదు. బళ్ళో మనకి ఆ సంగతి చెప్పలేదు, అంతే.

బడి నేర్పింది వేరు. కథ చదవగానే "ఈ కథలో నీతి ఏమిటి?" అని అడుగుతారు. నీతి ఒక్క ముక్కలో వుంటుంది, గైడులో దొరుకుతుంది, రెండు మార్కులొస్తాయి. మన శిక్షణా తరగతుల్లోనూ అదే పద్ధతి దిగిపోయింది. పొదుపు చెయ్యాలనో, పిల్లల్ని బడికి పంపాలనో, తాగుడు చెడ్డదనో ముందే ఒక నీతి తయారు చేసుకుని దానికి కథ తొడుగుతాం. ఆడవాళ్ళు తలూపుతారు, ఇంటికెళతారు. అంతకంటే ఏమీ జరగదు. నీతి వేరు, వస్తువు వేరు. కథలో ఏం జరిగిందో చెప్పేది ఇతివృత్తం. ఆ జరిగినదాని అడుగున వున్న గొడవ వస్తువు. నీతి నోరు మూయిస్తుంది, వస్తువు నోరు తెరిపిస్తుంది. ఈ తేడా పట్టుకుంటే ఈ రోజు పని సగం అయినట్టే.

మనం కూర్చున్న చోటు సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. ఇక్కణ్ణుంచి బందరు ఎంత దూరమో మీకు తెలుసు. 1902లో ఆ బందరులోనే భండారు అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టారు. తెలుగునాట మొదటి స్త్రీల సంఘంగా దాన్ని చెప్పుకుంటాం. అచ్చమాంబ పుట్టింది పెనుగంచిప్రోలులో. చిన్నతనంలోనే పెళ్ళయింది. బడికి పంపలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు తన దగ్గరుండి చదువుకుంటున్నప్పుడు అతనితో పాటు కూర్చుని ఆమె చదువు నేర్చుకుంది. అలా నేర్చుకున్న మనిషి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. కథలు రాసింది. 1905లో, ముప్పై ఏళ్ళ వయసులో చనిపోయింది. తెలుగులో మొదటి కథ 1910లో గురజాడ రాసిన 'దిద్దుబాటు' అని చాలాకాలం పాఠాలు చెప్పారు, ఇప్పటికీ చెప్పేవాళ్ళున్నారు. అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే 'హిందూసుందరి' పత్రికలో వచ్చిందని స్త్రీవాద పరిశోధకులు తవ్వి తీసి చూపించాక ఆ మాట తడబడింది. ఇది సాహిత్య చరిత్రకారులు తేల్చుకోవలసిన విషయమని వదిలెయ్యకండి. ఎవరి పేరు మొదట రాస్తారన్నది మన ఊళ్ళో పట్టాదారు పాసుపుస్తకం దాకా వచ్చే ప్రశ్న.

'ధనత్రయోదశి' చిన్న కథ. పండుగ పూట పేద ఇల్లు. భర్త లేమికి తట్టుకోలేక పరాయి సొమ్ముకి ఆశపడతాడు. భార్య ఆ సొమ్ము వద్దంటుంది, అతన్ని తప్పుదారి నుంచి మళ్ళిస్తుంది. బళ్ళో అయితే "నిజాయితీయే గొప్ప ధనం" అని రాసుకుని పుస్తకం మూసేస్తారు. మనం మూయొద్దు. కథకి పెట్టిన పేరు పట్టుకోండి. ధనత్రయోదశి లక్ష్మిని పూజించే రోజు. ఆ ఇంట్లో లక్ష్మి ఎవరు? నగా, నట్రా, రూపాయలా, ఆ ఇల్లాలా? రచయిత్రి ఉద్దేశం తెలుస్తూనే వుంది, ఆ కాలానికి అది పెద్ద మాట. స్త్రీకి బుద్ధి లేదు, చదువు చెబితే చెడిపోతుంది అనే రోజుల్లో ఇంటి ధర్మాన్ని నిలబెట్టినది స్త్రీ బుద్ధే అని చెప్పింది. ఇప్పుడు ఇంకో ప్రశ్న వెయ్యండి. మొగుడి నిజాయితీకి కూడా పెళ్ళామే కాపలా కాయాలా? "ఇంటికి లక్ష్మి" అనే పొగడ్త ఆమెకి బలమా, బరువా? ఈ ప్రశ్న వేస్తే మీ సంఘంలో ఒక్కరు కూడా ఊరికే కూర్చోరు. అప్పులవాడొస్తే గుమ్మంలో నిలబడి సమాధానం చెప్పేది ఎవరో వాళ్ళకి తెలుసు. నూట ఇరవై ఏళ్ళనాటి కథ ఇవాళ్టి గ్రూపు లోనులోకి నడిచొస్తుంది.

ఇక 'దిద్దుబాటు'. ఈ కథ అచ్చయిన 'ఆంధ్రభారతి' కూడా బందరు పత్రికే. మీకందరికీ తెలిసిన కథే అయినా వస్తువుల వెంట నడుద్దాం. గోపాలరావు చదువుకున్నవాడు, సంస్కరణ భావాలున్నవాడు. అయినా రాత్రిళ్ళు భోగంవాళ్ళ పాట కచేరీలకి మరిగి ఆలస్యంగా ఇంటికొస్తున్నాడు. ఒక రాత్రి వచ్చి తలుపు కొడితే భార్య కమలిని తియ్యదు. ఇంట్లో ఆమె లేదు. ఉత్తరం వుంది. పుట్టింటికి పోతున్నానని. అతను కుమిలిపోయాక, తప్పు తెలుసుకున్నాక, మంచం కిందినుంచి నవ్వూ గాజుల చప్పుడూ వినిపిస్తాయి.

తలుపు, ఉత్తరం, మంచం, గాజులు. నాలుగే నాలుగు. తలుపు ఎవరిది అని అడగండి. మొగవాడు ఎంత రాత్రికొచ్చినా తలుపు తియ్యడం ఆడదాని పని అనే ఏర్పాటు ఆ తలుపులో వుంది. అది తెరుచుకోకపోవడమే ఆ రాత్రి జరిగిన తిరుగుబాటు. ఉత్తరం ఎలా వచ్చింది? ఆమెకి చదువొచ్చు కనక. చదువు లేని భార్య ఏడుస్తుంది, అరుస్తుంది, అరుపుకి అతను జవాబు చెబుతాడు. కాగితం మీద వున్నదానికి జవాబు చెప్పడానికి ఎదురుగా మనిషి లేదు. తనలో తను జవాబు చెప్పుకోవలసి వచ్చింది. స్త్రీకి చదువెందుకన్న ప్రశ్నకి గురజాడ ఇచ్చిన జవాబు ఆ ఉత్తరమే. మంచం దగ్గరికి రండి. కమలిని ఎక్కడికీ పోలేదు. మంచం కిందే వుంది. దీన్ని చమత్కారం అని మేష్టర్లు నవ్విస్తారు. నవ్వు రావలసిందే, కథ నడిచిన తీరు అది. అయినా అక్కడ కొంచెం ఆగండి. గుమ్మం దాటి పోగల చోటు నిజంగా వుంటే ఆమె మంచం కింద దాక్కునేదా? పుట్టింటికి పోతానన్న బెదిరింపు పనిచెయ్యాలంటే పుట్టిల్లు వుండాలి. వున్నా, రానిచ్చే పుట్టిల్లు అయ్యుండాలి. మన దగ్గరికి కేసుతో వచ్చే ఆడపిల్లల్లో ఎంతమందికి అది వుంది? "సర్దుకుపో అమ్మా" అని బస్సెక్కించి వెనక్కి పంపిన తల్లులు ఈ డెల్టాలో ప్రతి ఊళ్ళోనూ వున్నారు. వాళ్ళు దుర్మార్గులు కారు, వాళ్ళకీ ఇంకో దారి తెలియదు.

ఈ ఒక్క చోట నుంచే చట్టం గురించి మాట్లాడొచ్చు. 2005 గృహహింస చట్టం వచ్చాక భర్త ఇంట్లో నివసించే హక్కు స్త్రీకి వుంది, వెళ్ళగొట్టడానికి వీల్లేదు. ఇల్లు అతని పేరన వున్నా సరే. అంటే కమలిని మంచం కింద దాక్కోనక్కర్లేదు, పుట్టింటికి పోతానని బెదిరించనూ అక్కర్లేదు, నడింట్లో నిలబడి మాట్లాడొచ్చు. సెక్షన్ల నెంబర్లు చదివితే పది నిమిషాల్లో కునికిపాట్లు పడే సభ, మంచం కథ చెప్పి ఈ మాటంటే గంటసేపు వాదిస్తుంది. "హక్కు కాయితమ్మీద వుంది, ఆ ఇంట్లో రాత్రి పడుకునేదెలా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అడగాలి. ఆ ప్రశ్నకి చట్టం చదివినవాళ్ళ దగ్గర కూడా సులువైన జవాబు లేదు. దాన్ని దాటెయ్యకండి.

'దిద్దుబాటు'లో ఇంకొక మనిషి వుంది. మనం ఎప్పుడూ అడగం. ఆ పాట పాడే ఆమె. గోపాలరావు దిద్దుకున్నాడు, కమలిని గెలిచింది, మరి ఆమె? ఆమె మాట కథలో ఒక్కటీ లేదు. మన పక్కనే కూచిపూడి వుంది. ఆడవేషాలు మొగవాళ్ళు కట్టిన కళకి దేశవిదేశాల్లో పేరొచ్చింది. అదే కాలంలో కలావంతుల ఆడవాళ్ళ ఆటాపాటా సంస్కరణ పేరుతో ఇళ్ళలోపలికి పోయాయి. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చింది. ఆ చట్టం అక్కర్లేదని నేననడం లేదు. పిల్లల్ని గుళ్ళకి అంకితం చెయ్యడం ఆగవలసిందే. వాళ్ళ చేతిలోని విద్యకి, వాళ్ళకున్న ఆస్తిహక్కుకి ఏమైందని కూడా అడగాలంటున్నాను. కథలో గొంతు లేనివాళ్ళు ఎవరని వెతకడం వస్తువుని చదవడంలో భాగం. ఏ కథ చెప్పినా ఈ ప్రశ్న వదలకండి, మన సంఘాలు రాసుకునే కథలకి కూడా.

ఇప్పుడొక కష్టమైన సంగతి. అబ్బూరి ఛాయాదేవిగారి 'బోన్సాయ్ బతుకు' చాలామంది చదివుంటారు. పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కిన కథ. ఊరినుంచి అక్క పట్నంలో చెల్లెలింటికి వస్తుంది. చెల్లెలు కుండీల్లో మరుగుజ్జుగా పెంచిన తురాయి, దానిమ్మ చెట్లు చూపించి మురుస్తుంది. గాలివాన వస్తే కుండీల్ని లోపల పెట్టుకోవలసి వస్తుంది. వీధిలో మామూలుగా పెరిగిన తురాయి చెట్టు గాలికి తట్టుకుని నిలబడి, తన కింద నాలుగురికి చోటిస్తుంది. ఆడపిల్లని కుండీలో మొక్కలా కత్తిరించి పెంచితే ఎలా అవుతుందో ఆ అక్కకి స్పష్టంగా కనిపిస్తుంది. మంచి కథ. ప్రతీక అంటే ఏమిటో మొదటిసారి చెప్పాలంటే దీనికంటే సులువైనది లేదు.

సులువు కావడమే దానితో చిక్కు. బోన్సాయ్ అంటే స్త్రీ, గాలివాన అంటే జీవితం, జత పరిచి రాయుము అన్నట్టు బోర్డు మీద రాసేస్తారు. ప్రతీక గణితం కాదు. దివిసీమ ఆడవాళ్ళ మధ్య ఇదే కథ చెప్పి చూడండి. గాలివాన అనగానే వాళ్ళు బోన్సాయ్ దగ్గర ఆగరు. 1977 నవంబరు 19 దగ్గరికి పోతారు. ఆ ఉప్పెన రాత్రి చెట్టుకొమ్మలు కరుచుకుని బతికినవాళ్ళు ఆ సీమలో వున్నారు. వాళ్ళకి చెట్టు ప్రతీక కాదు, ప్రాణం. దేన్ని పట్టుకుని బతికారో, చేతిలోంచి ఏ పిల్ల జారిపోయిందో ఆ మాట బయటికొస్తుంది. అప్పుడు "అక్కా, అసలు కథలోకి వద్దాం" అని మీరంటే ఇక ఆ సభలో మీకు పని లేదు. వాళ్ళు కథలోనే వున్నారు.

రెండో చిక్కు ఇంకా లోతైనది. కుండీలో పెట్టి నీళ్ళుపోసి కత్తిరించే తీరిక ఎవరికుంటుంది? కూలికి పోయే ఇంట్లో ఆడపిల్లని బోన్సాయ్ చెయ్యరు. పదేళ్ళకే చేలో దించుతారు. ఊడ్పుల్లో నడుం వంచిన మనిషిని పట్టుకుని "నువ్వు బోన్సాయ్‌వి" అంటే ఆమె నవ్వుతుంది. ఆమె వీధిలో చెట్టు. గాలికీ వానకీ, గొడ్డలికీ కూడా ఆమే ముందు. నీడ నలుగురికీ ఇస్తుంది, తనకి నీడ లేదు. ఛాయాదేవిగారి కథ అబద్ధమని కాదు. ఆవిడకి తెలిసిన ఇళ్ళ గురించి నిజం రాసింది. ఆ నిజాన్ని ఆడవాళ్ళందరి నిజమని మనం పాఠం చెబితే అది మన తప్పవుతుంది. స్త్రీవాదం మీద దళిత స్త్రీలు వేసిన ప్రశ్నకూడా ఇదే.

అందుకే 'బోన్సాయ్ బతుకు' పక్కన కొలకలూరి ఇనాక్ 'ఊరబావి' పెట్టి చదవమంటాను. బావి గురించి మన కవులెన్ని రాసివుంటారు! లోతు, చల్లదనం, మనసు, జ్ఞాపకం. 'ఊరబావి'లో బావి బావే. ఆ నీళ్ళు కొందరికి వున్నాయి, కొందరికి లేవు. నీళ్ళ కోసం అవమానపడ్డ దళిత స్త్రీ ఎదురు తిరిగితే ఊరు మొత్తం ఎలా కదిలిపోయిందన్నది కథ. చదివాక మళ్ళీ అడగండి, ఇందులో బావి ప్రతీకా కాదా? నా మట్టుకు నాకు, నీళ్ళు అందనివాళ్ళకి అది బావి, అందినవాళ్ళకి ప్రతీక. 1985 జూలైలో కారంచేడులో ఏం జరిగిందో ఇక్కడ పెద్దవాళ్ళకి చెప్పనక్కర్లేదు, చిన్నవాళ్ళు తెలుసుకోవాలి. మాదిగపల్లె తాగే నీళ్ళ చెరువు దగ్గర గేదె కుడితి బకెట్ కడగడం మీద మాటొచ్చింది. మున్నంగి సువార్త అనే స్త్రీ తన మీదికి వచ్చినవాళ్ళకి అడ్డంగా బిందె ఎత్తింది. మర్నాడు పల్లె మీద పడి మనుషుల్ని చంపారు. ఆ బిందె గురించి కథ రాయనక్కర్లేదు, అదే ఒక కథ. ఇత్తడి బిందె, స్టీలు బిందె, ప్లాస్టిక్ బిందె ఏదైనా సరే, మీ సభలో ఒకటి మధ్యలో పెట్టి "దీంతో ఇవాళ ఎక్కడికెళ్ళొచ్చావు?" అని అడిగి చూడండి. పల్లె చివర కుళాయి ఎన్నింటికి వస్తుందో, ముందు ఎవరి వీధికొస్తుందో అన్నీ బయటికొస్తాయి.

అన్నీ బాధ కథలే కాదు. పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' చదివినప్పుడు ఆడవాళ్ళు కడుపుబ్బ నవ్వుతారు, కాసేపయ్యాక ఎవరూ మాట్లాడరు. ఇల్లు అలుకుతూ అలుకుతూ పేరు మర్చిపోయిన ఈగ కథ మనందరం అమ్మమ్మల దగ్గర విన్నదే. ఇల్లలకగానే పండగ కాదన్న సామెతా మనదే. ఈ రెంటినీ కలిపి సత్యవతిగారు ఒక చదువుకున్న ఇల్లాలి కథ చేసింది. నీ ఇల్లే కదా అంటే ఆ ఇంటిని అలికి, తుడిచి, ముగ్గులు పెట్టి, ఒకరోజు చూసుకుంటే తన పేరే గుర్తు రాదు. పనిమనిషిని, ఇరుగుపొరుగుని, పిల్లల్ని, మొగుణ్ణి అడుగుతుంది. ఎవరికీ అక్కర్లేని పేరది. చివరికి చిన్ననాటి స్నేహితురాలు చూసి పేరు పెట్టి పిలిస్తే అప్పుడు తిరిగి దొరుకుతుంది. ఇక్కడ రెండు విషయాలు గమనించండి. రచయిత్రి కొత్త ప్రతీకని ఎక్కణ్ణుంచో తేలేదు, అమ్మమ్మ కథలోంచి ఈగని తీసుకుంది. పేరు తిరిగి ఇచ్చింది మొగుడూ కాదు, తల్లీ కాదు, స్నేహితురాలు.

ఈ కథ చదివాక సంఘంలో అందరి పేర్లూ అడగండి. "ఫలానావాడి పెళ్ళాన్ని", "పెద్దోడి అమ్మని" అని చెప్పేవాళ్ళు ఇప్పటికీ వుంటారు. సొంత పేరు చెప్పేటప్పుడు గొంతు తగ్గించే వాళ్ళని గమనించండి. తరవాత ఆ పేరు ఏ ఏ కాగితాల మీద వుందో అడగండి. రేషను కార్డు మీద, బ్యాంకు పుస్తకం మీద వుంటుంది. పొలం కాగితం మీద? 1986లో మన రాష్ట్రంలో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చారు. 2005లో దేశమంతటికీ వచ్చింది. అయినా ఎకరాల లెక్కన కట్నం మాట్లాడే ఈ డెల్టాలో "కట్నం ఇచ్చాం కదా, ఇంకేం వాటా?" అన్న మాట దగ్గర ఎంతమంది అక్కచెల్లెళ్ళు సంతకం పెట్టి వచ్చేశారు! పేరు మర్చిపోయిన ఈగ కథ అక్కడికి తీసుకుపోతుంది. బలవంతాన మీరు లాక్కుపోకండి, అదే పోతుంది.

కథ చదివించడం వల్ల నిజంగా ఏమైనా జరుగుతుందా అని అడిగేవాళ్ళకి నెల్లూరు జిల్లా సంగతి చెప్పాలి. 1991లో ఆ జిల్లాలో అక్షరజ్యోతి కార్యక్రమం నడిచింది. రాత్రి బళ్ళలో పెట్టిన వాచకంలో 'సీతమ్మ కథ' అని ఒక పాఠం వుంది. తాగుడు వల్ల కుటుంబం ఎలా చితికిపోయిందో, ఊళ్ళో ఆడవాళ్ళు కలిసి సారా దుకాణం ఎలా మూయించారో చెప్పే చిన్న కథ. సాహిత్యంగా చూస్తే అందులో గొప్పేమీ లేదు. దూబగుంటలో అది చదువుకున్న ఆడవాళ్ళు సీతమ్మ ఊరికీ తమ ఊరికీ తేడా ఏమిటని అడుక్కున్నారు. సారా బండి ఊళ్ళోకి రానివ్వలేదు. తరవాత దూబగుంట ఆడవాళ్ళు చేసిన పనే ఇంకో వాచకంలో పాఠమై మిగిలిన ఊళ్ళకి వెళ్ళింది. 1992లో వేలంపాటలు సాగకుండా అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో రెండోదాన్ని ఎత్తేశారు. ఎత్తేశారు కాబట్టి అంతా వృథా అనేవాళ్ళతో నాకు పేచీ వుంది, అది ఇంకో పూట మాట్లాడుకోవాలి. ఇక్కడ చూడవలసింది ఒకటే. ఆ బళ్ళలో కథని నీతిగా రాసుకుని ఊరుకోలేదు. కథలో ఊరి పక్కన తమ ఊరిని పెట్టుకున్నారు. పావ్లో ఫ్రేరి బ్రెజిల్‌లో వయోజనులకి చదువు చెప్పేటప్పుడు వాళ్ళ బతుకులోని బొమ్మలూ మాటలూ ముందు పెట్టి మాట్లాడించినది కూడా ఇందుకే.

పరాయి దేశం కథ ఒక్కటి చెప్పి ముందుకి పోతాను. అమెరికాలో సూసన్ గ్లాస్పెల్ అనే ఆవిడ, విలేఖరిగా తను రాసిన ఒక హత్య కేసు ఆధారంగా 1916లో ఒక నాటిక, మర్నాడు సంవత్సరం అదే కథగా రాసింది. ఒక పల్లెటూరి ఇంట్లో భర్త మెడకి తాడు బిగిసి చచ్చిపడివున్నాడు, భార్యని జైల్లో పెట్టారు. సాక్ష్యం కోసం పోలీసు అధికారి, వకీలు ఇల్లంతా గాలిస్తారు. వాళ్ళ వెంట వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళు వంటింట్లో కూర్చుంటారు. వంటింట్లో ఏముంటుంది, ఆడవాళ్ళ చిల్లర సామాను తప్ప అని మొగవాళ్ళు వేళాకోళమాడి మేడెక్కుతారు. ఆడవాళ్ళకి సగంలో ఆగిపోయిన పని కనిపిస్తుంది, బొంత కుట్టులో ఒకచోట ఒక్కసారిగా చెదిరిన కుట్లు కనిపిస్తాయి, తలుపు విరిగిన పంజరం కనిపిస్తుంది, కుట్టుపెట్టెలో గుడ్డలో చుట్టి దాచిన, మెడ విరిచేసిన పాటపిట్ట కనిపిస్తుంది. ఆ ఇంట్లో ఇన్నేళ్ళూ ఏం జరిగిందో వాళ్ళిద్దరికీ ఒక్క మాట అనుకోకుండా అర్థమైపోతుంది. ఆ పిట్టని వాళ్ళు మొగవాళ్ళకి చూపించరు. చూపించకపోవడం న్యాయమా అన్యాయమా అని మీ సభలో పెట్టండి, రెండు పక్షాలు తయారవుతాయి. న్యాయస్థానంలో ఆడవాళ్ళు జ్యూరీలో కూర్చోవడానికి వీల్లేని రోజుల్లో రాసిన కథ అని కూడా చెప్పండి.

ఎందుకు చెబుతున్నానంటే, మన పని చాలావరకు వంటింట్లో ఆనవాళ్ళు చదివే పనే. "కడుపునొప్పి భరించలేక వివాహిత ఆత్మహత్య" అని నాలుగు లైన్ల వార్త చదివి పేజీ తిప్పేస్తాం. 1980ల్లో "స్టవ్ పేలి కోడలు మృతి" అని వచ్చేది. స్టవ్‌లు కోడళ్ళ దగ్గరే ఎందుకు పేలతాయి, అత్తల దగ్గర, ఆడపడుచుల దగ్గర ఎందుకు పేలవు అని ఆనాటి స్త్రీల సంఘాలు అడిగిన ప్రశ్న సాహిత్య విమర్శకుడు అడగవలసిన ప్రశ్నే. వస్తువేమిటి అన్న ప్రశ్న. 1983లో 498-ఎ రావడం వెనక అలా అడిగినవాళ్ళు వున్నారు.

ఇక చెప్పే పద్ధతి గురించి నాలుగు మాటలు. కథ పైకి చదవండి, చదవడం రానివాళ్ళు వింటారు, వచ్చినవాళ్ళూ వింటారు. సారాంశం చెప్పకండి. అంతకంటే కథని చంపేది లేదు. "దీనికి అర్థమేమిటి?" అని అడిగితే తప్పు చెబుతానేమోనని నోరు మెదపరు. "ఈ వస్తువు ఎవరిది? ఎవరు వాడతారు? పోతే ఎవరికి నష్టం?" అని అడిగితే అందరి దగ్గరా జవాబుంటుంది. మీ దగ్గర సరైన జవాబు వున్నట్టు మొహం పెట్టకండి. కథలోలేని ప్రతీకల్ని వాళ్ళు తెచ్చి ముందు పెడతారు, తీసుకోండి. కోత మిషన్లు వచ్చాక చూరులో తుప్పు పట్టిపోయిన కొడవలి గురించి కూలికెళ్ళే ఆడవాళ్ళు మాట్లాడితే, పని పోవడం గురించి అంతకంటే బాగా రాయగల రచయిత నాకు కనపడలేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతున్నాను. కథ ఒడుపుగా చదివితే ఎవరో ఒకరు కమలిని గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ తన గురించి మాట్లాడ్డం మొదలుపెడతారు. "ఆ అమ్మాయి" అన్నది "నేను" అయిపోతుంది. ఆ క్షణం నుంచి అది సాహిత్య పాఠం కాదు. ఆమె అత్త తరఫు మనిషి, తోడికోడలు అదే చాప మీద కూర్చుని వుండొచ్చు. నలుగురిలో ఇంకా చెప్పమని తవ్వకండి. మాట మెల్లగా కథలోకి తిప్పి, సభ అయ్యాక విడిగా కలవండి. ఆమె చెప్పినది నివేదికలో రాయకండి, ఊరు పేరు మార్చి కూడా రాయకండి. మండలం చిన్నది, చదివినవాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు. గృహహింస కేసుల్లో రక్షణాధికారి ఎక్కడుంటారో, 181కి ఫోను చేస్తే ఏం జరుగుతుందో ముందే తెలుసుకుని వుండండి. ఆ రాత్రి ఎక్కడ తలదాచుకోవాలో చెప్పలేనప్పుడు తలుపు గురించి చర్చ పెట్టే హక్కు మనకి లేదు. కథ ఎంచుకునే ముందే ఈ ఏర్పాటు చూసుకోండి.

మన పక్క అంగలూరులో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి 'శంబుకవధ' రాసి, పెద్దలు చెప్పిన కథని చెప్పినట్టే నమ్మనక్కర్లేదని చూపించాడు. ఓల్గాగారు 'విముక్త'లో సీతని శూర్పణఖ దగ్గరికి, అహల్య దగ్గరికి నడిపించింది. మీరూ కథల్ని తిప్పి చెప్పొచ్చు, ముగింపు మార్చొచ్చు. గురజాడకి కోపం రాదు.

భోజనాలయ్యాక నాలుగు గుంపులుగా కూర్చుంటాం. ఒక్కో గుంపుకి 'దిద్దుబాటు' ప్రతి ఇచ్చాం. చివరి పేజీ తీసేసి ఇచ్చాం, వెతకొద్దు. గోపాలరావు ఉత్తరం చదివి కూలబడే చోట కథ ఆగిపోతుంది. కమలిని ఆ రాత్రి ఎక్కడుందో మీరు చెప్పాలి. ఒక గుంపు మాత్రం కచేరీలో పాట పాడిన ఆమె ఇంటికి వెళ్ళండి. ఆమె తలుపు ఎవరు కొడుతున్నారో, ఆమె తీస్తుందో లేదో చూసి రండి.